పూచీ: ఎవరూ లేరు

చిట్టా 611

పొద్దున్నే పైడితల్లి మొప్ప, నీళ్ళ అడుగున గాలి ఇచ్చే యంత్రం, మొరాయించింది. వీపుకి తగిలించుకుని, బెల్టు బిగించుకుని, తెప్ప అంచున కాళ్ళు నీళ్ళలో పెట్టి మీట నొక్కితే గాలి రాలేదు. పక్కనుండే చిన్న స్క్రీన్ మీద ‘పూచీ చెల్లదు’ అని వచ్చింది. మళ్ళీ నొక్కింది, మళ్ళీ అదే. చివరికి నా వైపు తిరిగి, నీ ప్రోగ్రాంకి నా మొహం నచ్చలేదప్పా అంది.

నేనప్పటికి పుల్లతో కీబోర్డు సందుల్లో ఉప్పు గీరుకుంటున్నాను. సముద్రం మీద కాపురం ఉంటూ ప్రోగ్రాంలు రాసేవాళ్ళకి రోజూ మొదటి పని అదే. పుల్ల పక్కన పడేసి వెళ్ళి చూశాను. నిన్న సాయంత్రం పైడి దగ్గు కోసం ఒక చిన్న మార్పు చేశాను. దగ్గు వచ్చినప్పుడు మొప్ప కంగారుపడి గాలి ఎక్కువ తోయకుండా, ఒక్క క్షణం ఆగేలా. తప్పు అక్కడే ఉంటుందని ఖాయం చేసేసుకున్నాను. ఏది పాడైనా ముందు నా రాతనే అనుమానించడం నా అలవాటు. మా పని చేసేవాళ్ళందరికీ ఈ జబ్బు ఉంది. ఇంట్లో పాలు విరిగినా నిన్నటి బిల్డ్ వైపు చూస్తాం.

పైడి నా చెల్లెలు, నన్ను అక్కా అనకుండా అప్పా అంటుంది. దాని ఎడమ ఊపిరితిత్తి సగం ముడుచుకుపోయింది. కంపెనీ వాళ్ళు మొప్పతో పాటు ఇచ్చే ప్రోగ్రాం రెండు ఊపిరితిత్తులూ నిండుగా ఉన్నవాళ్ళకి రాసినది. మూడేళ్ళ కిందట అది పెట్టుకుని దిగి, పైకి వచ్చి నెత్తురు కక్కింది. అప్పుడు ఆస్పత్రి తెప్ప మీద దాని మంచం పక్కనే కూర్చుని నేను ఇంకో ప్రోగ్రాం రాశాను, దాని ఊపిరికి సరిపోయేలా. అప్పటినుంచి నాచు కోతకి ఏ ఇబ్బందీ లేకుండా దిగుతోంది.

ఇప్పుడే ఇలా కావాలా అని చిరాకేసింది. అమావాస్య నుంచి అమావాస్య దాకా ఒక్క పూర్తి మునక కూడా వెయ్యని నాచు కోతవాళ్ళ చోటు, తెప్ప మీద ఉండే హక్కు, ఇంకొకరికి ఇచ్చేస్తారు. పూర్తి మునక అంటే గంప నిండా నాచు కోసుకుని రావడం. చోటు పోయినవాళ్ళని ఒడ్డుకి పంపుతారు. ఒడ్డు మీద రేకుల షెడ్లు, ఎర్రదుమ్ము, పనీ పాటా లేని జనం. మంచి ఊపిరితిత్తులున్న వాళ్ళే అక్కడ దగ్గుతారు. పైడి జ్వరంతో ఈ నెలంతా పడుకునే ఉంది. అమావాస్య దగ్గరికొచ్చేసింది.

మొప్పలకి పరీక్షపిడి అని ఒకటుంటుంది. పొడుగాటి తీగ చివర ఇనప పిడి. పైనున్న మనిషి దాన్ని గట్టిగా నొక్కి పట్టుకున్నంతసేపూ ఏ పూచీ లేని ప్రోగ్రాం అయినా నడుస్తుంది, వదిలితే ఆగిపోతుంది. రాసినవాళ్ళు తమ పని సరిచూసుకోవడానికి పెట్టింది. దాన్ని పట్టుకుని చూశాను. మొప్ప కీచుకీచుమని అరుస్తూ, ‘పూచీ: ఎవరూ లేరు’ అని చూపిస్తూనే గాలి చక్కగా ఇచ్చింది. దగ్గు మార్పు కూడా బాగానే పనిచేసింది.

అంటే కోడ్ బాగుంది. మరి ఎందుకు ఒప్పుకోదు? రేపు నా రాతకి పూచీ పడే వరాహాలన్నని అడగాలి.

చిట్టా 612

వరాహాలన్న మధ్యాహ్నం వచ్చాడు. వచ్చీ రాగానే గిన్నె మూత తీసి, నెత్తళ్ళ చేపల పులుసని తెలిశాక స్థిమితంగా కూర్చున్నాడు. మా ఇంట్లో అతనికంటూ ఒక కంచం ఉంది. పైడి అతన్ని పెద్దన్న అంటుంది, సొంత అన్న లేడు కాబట్టి.

అతను రాతపనిలో నా జంట. మా ఊరైన ఈ పెద్దతెప్ప మీద ఏ యంత్రమూ పూచీ ముద్ర లేని ప్రోగ్రాంని నడపదు. పాతకాలంలో దీన్నే సర్టిఫికెట్ అనేవారట. రాసినవాళ్ళు తమ రాత మీద తామే ముద్ర వేసుకోకూడదు. జంటగా ఉన్న మనిషి చదివి, సరే అనుకుంటే తన ముద్ర వెయ్యాలి. నా మొప్పల ప్రోగ్రాంల మీద వరాహాలన్న పూచీ ఉంటుంది. అతను రాసిన మంచినీళ్ళ యంత్రం ప్రోగ్రాం మీద నాది.

ముద్ర అంటే మణికట్టుకి కట్టుకునే చిన్న బిళ్ళ. దాన్ని ఇంకొకరికి ఇవ్వకూడదని రూలు. ఇవ్వని జంట ఒక్కటి కూడా లేదని అందరికీ తెలుసు. పైడి ఆస్పత్రిలో ఉన్నప్పుడు ప్రతి చిన్న మార్పుకీ నేను పడవెక్కి అతని దగ్గరికి వెళ్ళాల్సి వచ్చేది. ఒకరోజు అతనే ఆస్పత్రికి వచ్చి, తన బిళ్ళ విప్పి నా చేతికి కట్టేశాడు. నీ రాత నేను చదవక్కర్లేదు, నిన్ను చదివేశాను అన్నాడు. మంచం మీదున్న పైడి కూడా నవ్వింది. మర్నాడే నా బిళ్ళ తీసి అతని చేతికి కట్టాను.

ఇవాళ నేను చెప్పిందంతా విన్నాడు. బిల్డ్ ఏదో పాతది పట్టుకుని ఉంటుంది, మొత్తం తుడిచేసి మొదట్నుంచి బిల్డ్ చేసి మళ్ళీ ముద్ర వెయ్యి అన్నాడు. నాకూ సబబుగానే అనిపించింది. అతని ముందే బిల్డ్ చేసి, అతని బిళ్ళతోనే ముద్ర వేశాను. ఎక్కించి చూసేలోపు పని ఉందని లేచాడు.

వెళ్ళబోతూ తన చేతికున్న నా బిళ్ళ విప్పి ఇచ్చాడు. తాడు ఉప్పుకి కుళ్ళిపోయిందట, ఎక్కడైనా నీళ్ళలో జారిపోతే ఇద్దరికీ తిప్పలట, కొత్త తాడు వేసి ఇవ్వమన్నాడు. తీసుకుని పోపులపెట్టెలో పడేశాను. మొప్ప మాత్రం మళ్ళీ అదే మాట చెప్పింది.

చిట్టా 613

గౌరమ్మ మొప్ప కూడా ఆగిపోయింది. పక్క వరస తెప్పల మీద నా ప్రోగ్రాంలు పెట్టుకున్న, పైడిలా చిన్న ఊపిరివాళ్ళందరివీ ఆగిపోయాయి, ఈ నెల మునకలు అప్పటికే అయిపోయాయి కాబట్టి వాళ్ళ చోటుకి ఇప్పటికి భయం లేదు గానీ. గౌరమ్మ నాచు కోతలో ముసలైపోయిన మనిషి. తిట్టడానికే వచ్చిందనుకున్నాను. నాకేటి, వలలు కుట్టుకుని బతికీగలను, ముందు మీ పైడిది సూడు అని చెప్పి వెళ్ళిపోయింది.

ఒక్కో ప్రోగ్రాం తుడిచి, బిల్డ్ చేసి, ముద్ర వేశాను. ఒక్కటీ చెల్లలేదు. బిల్డ్ టూల్‌ని నోటికొచ్చినట్టు తిట్టాను. దానికి సిగ్గూ లేదు, చెవులూ లేవు. ‘బిల్డ్ సఫలం’ అని పచ్చగా నవ్వుతుంది.

చిట్టా 614

వరాహాలన్న ఇవాళ ఇంకో కారణం చెప్పాడు. మొప్పల గడియారాలు తప్పు నడుస్తున్నాయేమో, ముద్ర రేపు వేసినట్టు కనిపిస్తే ఇవాళ ఎలా ఒప్పుకుంటాయి అన్నాడు. అది అసాధ్యమేమీ కాదు. మొప్పలకి టైము పంపే గడియారపు స్తంభం ఎక్కి, తీగలన్నీ తుడిచి, మొప్పలన్నిటికీ టైము కొత్తగా పెట్టి, మళ్ళీ అన్నిటికీ ముద్ర వేశాను. స్తంభం దిగేటప్పటికి అరచేతులు కొట్టుకుపోయాయి. అతను కింద నిలబడి జాగ్రత్త జాగ్రత్త అంటూనే ఉన్నాడు.

అదీ కాలేదు. అప్పుడతను పైడితో, ఒక్కసారి కంపెనీ ప్రోగ్రాం పెట్టి చూడమ్మా, ఈమధ్య మార్చారట, మెత్తబడిందట అన్నాడు. నేను వద్దన్నాను. పైడి వింటుందా? అమావాస్య గురించి నాకంటే దానికే ఎక్కువ భయం, నవ్వులాటతో కప్పుకుంటుంది గానీ. పెద్దన్న చెప్పాడు గదప్పా అంది. కంపెనీ ప్రోగ్రాం ఎక్కించుకుని దిగింది.

అడుగు నుంచి అది నడుముకి కట్టుకున్న తాడు గుంజిన గుంజుడుకి నేనూ అన్నా కలిసి పైకి లాగాం. తెప్ప మీద బోర్లా పడుకుని దగ్గింది. చెక్క మీద నెత్తురు పడింది. ఎక్కువేం కాదు, కానీ నెత్తురే. నేను దాని వీపు రాస్తూ తలెత్తి చూస్తే వరాహాలన్న సముద్రం వైపు తిరిగి ఉన్నాడు. పాపం చూడలేకపోతున్నాడు అనుకున్నాను. నీళ్ళు తెమ్మంటే తెచ్చాడు.

తడిగుడ్డతో చెక్క తుడుస్తూ అన్నాడు, ఇంకోసారి ముద్ర వేసి చూడమని. పొద్దున్నే వేశాను గదా అంటే, వేస్తే పోయేదేముంది అన్నాడు. వేశాను.

చిట్టా 615

ముద్రల లెక్క చూసే ముద్రగది నుంచి కబురొచ్చింది. మొప్పల గొడవ గురించి వాళ్ళే ఏదో కనిపెట్టి ఉంటారని సంబరంగా వెళ్ళాను. దారిలో అరటిపళ్ళ పడవ కనిపిస్తే పైడికి ఒక హస్తం కూడా కొన్నాను.

ముద్రగది పెద్ద నరసాయమ్మ గారు. ఆవిడ కూర్చోమనలేదు. చెయ్యి చాపమన్నారు. నా మణికట్టు మీదున్న బిళ్ళని చూసి, ఇది ఎవరిదమ్మా అని అడిగారు. వరాహాలన్నది అన్నాను. నీ దగ్గరికి ఎలా వచ్చింది అన్నారు. అందరికీ ఎలా వస్తుందో అలాగే అందామనుకుని, రూలు గుర్తొచ్చి ఊరుకున్నాను.

ఆవిడే చెప్పారు. వరాహాలు తన ముద్రని వెనక్కి తీసుకున్నాడు. ముద్ర దొంగతనమైందని రాసిచ్చాడు. ఏ తేదీ నుంచి పోయిందో చెప్పాలి కాబట్టి ఒక తేదీ కూడా ఇచ్చాడు. ఆ తేదీ తర్వాత ఆ ముద్ర పడిన ప్రతి ప్రోగ్రామూ, ఆ కబురు ఒక్కో యంత్రానికీ అందేకొద్దీ, ఇక చెల్లదు.

తేదీ ఏదని అడిగాను. ఆవిడ చెప్పారు. పైడి ఆస్పత్రిలో ఉన్నప్పుడు అతను వచ్చి బిళ్ళ నా చేతికి కట్టిన రోజు అది.

అప్పుడు కూడా నా బుర్ర పనిచేసిన తీరు చూడండి. అన్నకి చెప్పకుండా ఇంకెవరో ఇలా చేశారేమో, పేరు పొరపాటేమో అని వెతుకుతోంది. తప్పు ఎప్పుడూ బిల్డ్‌లో ఉంటుంది, గడియారంలో ఉంటుంది, నాలో ఉంటుంది. మనిషిలో ఉంటుందని అనుకోవడం మాకు ఎవరూ నేర్పలేదు.

నరసాయమ్మ గారు గొంతు తగ్గించి ఇంకో మాట చెప్పారు. జంటలన్నీ బిళ్ళలు మార్చుకుంటాయని నాకూ తెలుసమ్మా, అంతవరకే అయితే నేను ఇద్దరినీ కూర్చోబెట్టి సర్దేదాన్ని అన్నారు. కానీ ముద్ర రద్దయ్యాక కూడా నేను దాన్ని మళ్ళీ మళ్ళీ వేస్తూ వచ్చానట. రోజూ వేశానట. ఒకే పూట అన్ని ప్రోగ్రాంల మీదా వేశానట. దొంగ బిళ్ళ అని తెలిసి ఆత్రంగా వాడుకుంటున్న మనిషి చేసే పనిలా ఉందట అది.

పైగా నీ సొంత బిళ్ళ ఎక్కడుంది, అది అతని దగ్గర ఉంటే మార్చుకున్నారనైనా అనొచ్చు అన్నారు. అది మా ఇంట్లో పోపులపెట్టెలో, ఆవాల మీద ఉంది.

బిళ్ళ విప్పి బల్ల మీద పెట్టాను. రేపు ఇద్దరూ రండి అన్నారు. అరటిపళ్ళు అక్కడే మర్చిపోయి వచ్చాను.

నాకు ఏడుపు రాలేదు. కోపం కూడా ముందు రాలేదు. సిగ్గేసింది. అతను చెప్పినప్పుడల్లా ముద్ర వేశాను, అతని కళ్ళ ముందే వేశాను. ఉచ్చు అతను పన్నితే నేను రోజూ దానికి ముడి బిగించాను. అన్నం కూడా పెట్టాను.

చిట్టా 616

వరాహాలన్న శుభ్రమైన చొక్కా వేసుకుని వచ్చాడు. జేబు మీద మొప్పల కంపెనీ గుర్తు ఉంది. దాంతో అసలు సంగతి తెలిసిపోయింది. కంపెనీ వాళ్ళ రాతగదికి అతనే పెద్ద ఇప్పుడు. నా ప్రోగ్రాంలు ఊరికే దొరుకుతున్నంతకాలం చిన్న ఊపిరివాళ్ళెవరూ కంపెనీ వైపు చూడరు, కాబట్టి ముందు వాటి సంగతి తేల్చి రమ్మన్నారట. ఇదంతా ముద్రగది బయట, నడవలో, అతనే చెప్పాడు. దాచుకోలేదు. అలసిపోయిన మనిషిలా చెప్పాడు.

ఆ రోజు తేదీయే ఎందుకిచ్చావని అడిగాను.

“మొప్పల పని మొత్తం ఆ తరవాతదే గదా, రత్నం. ఇంకా ముందు తేదీ ఇస్తే నీ పాత పని గూడా పోద్ది. నీకు నష్టం తక్కువ అవ్వాలనే అది ఇచ్చాను.”

ఆ మాట మనసారా అన్నాడు. నా మేలు చూసినట్టే అన్నాడు. అదే నన్ను కోసేసింది. నా చెల్లెలి మంచం పక్కన చేసిన మంచిపనికి తేదీ గుర్తుపెట్టుకుని, అదే తేదీని పట్టుకుని నన్ను దొంగని చేశాడు. దాన్ని కూడా ఉపకారమే అనుకుంటున్నాడు.

మరి మళ్ళీ మళ్ళీ ముద్ర వెయ్యమని ఎందుకన్నావు అన్నాను. ఆ కొత్త ముద్రలు లేకపోతే ముద్రగది నమ్మదని కంపెనీ వాళ్ళు చెప్పారన్నాడు. గడియారపు స్తంభం కూడా వాళ్ళు చెప్పిందేనా అంటే, కాదు, అది నాకే అప్పటికప్పుడు తోచింది అన్నాడు. అలా అంటూ నా అరచేతుల వైపు చూశాడు.

“పైడి నెత్తురు కక్కితే ఎదర నిలబడి సూసినావు అన్నా.”

“ఏడాది లోపల దానికి సరిపోయేది నేనే రాస్తాను, రత్నం. కంపెనీ సేతే ఇప్పిస్తాను. ఒట్టు.”

“అమాస ఏడాదికి ఒక్కసారే రాదు.”

లోపల నరసాయమ్మ గారు ఇద్దరి మాటా విన్నారు. పైడి కూడా వచ్చింది, నేను వద్దన్నా వినకుండా. ఆస్పత్రిలో పెద్దన్నే బిళ్ళ కట్టాడని, తన కళ్ళతో చూశానని చెప్పింది. నువ్వు దాని చెల్లెలివి కదమ్మా అని ఆవిడ నిట్టూర్చారు. పైడి వరాహాలన్న వైపు తిరిగి, నువ్వు చెప్పు పెద్దన్నా అంది. అతను బల్ల వైపు చూస్తూ, నాకు గుర్తులేదు అన్నాడు. పైడి అప్పటిదాకా అతని మీద ఒక్క మాట అనలేదు. అప్పుడు కూడా అనలేదు. నా పక్కకొచ్చి నా కొంగు పట్టుకుని నిలబడింది, చిన్నపిల్లలా.

తీర్పు అనుకున్నట్టే వచ్చింది. నాకు జైలూ గీలూ లేదు. కానీ ఇక మీదట నాతో జంట కట్టేవాళ్ళు ముద్రగది అనుమతి తీసుకోవాలి. దొంగ అన్న పేరున్న మనిషి కోసం ఆ అనుమతి అడిగేదెవరు? నా రాత మీద పూచీ పడే దారి మూసేశారన్నమాట.

అంతా అయ్యాక ఆవిడ ఒక ప్రశ్న అడిగారు. జంట విడిపోయింది కాబట్టి నా ముద్రని కూడా నేను వెనక్కి తీసుకోవచ్చు, తీసుకుంటావా, తీసుకుంటే ఏ తేదీ నుంచి అని.

మంచినీళ్ళ యంత్రం వరాహాలన్న రాసిందే. దాని మీద ఉన్నది నా పూచీ. ఆ ప్రోగ్రాం రాకముందు తేదీ ఏదైనా ఒకటి చెప్తే చాలు, పెద్దతెప్ప మొత్తానికి కుళాయిలు ఆగిపోతాయి. కంపెనీ రాతగది పెద్ద రాసిన యంత్రం మూలంగా ఊరంతా దాహంతో కూర్చుంటుంది. వరాహాలన్న అప్పుడు తలెత్తి నన్ను చూశాడు. మొదటిసారి అతని కళ్ళలో భయం చూశాను. నాకు ఆ భయం ఎంతో బాగుంది. అబద్ధం రాయడం దేనికి, కాసేపు దాన్ని అనుభవించాను. కావాలనే ఆలస్యం చేశాను.

తర్వాత, ఉండనివ్వండి, తీసుకోను అన్నాను.

నరసాయమ్మ గారు ఆశ్చర్యపోయారు. మంచిదానివమ్మా అన్నారు. కాదండీ అన్నాను. ఆ నీళ్ళు పైడి కూడా తాగుతుంది. అదొక్కటే కాదు. రోజూ పొద్దున్న కుళాయి విప్పితే ముందు ‘పూచీ: నూకరత్నం’ అని స్క్రీన్ మీద వచ్చి, ఆ తర్వాతే నీళ్ళు వస్తాయి. అతను బతికినన్నాళ్ళూ ఆ పేరు చదివే మొహం కడుక్కోవాలి. ఇంతకంటే పెద్ద శిక్ష నాకు తోచలేదు. వరాహాలన్న ఏదో అనబోయాడు. పైడి నా కొంగు లాగితే బయటికి వచ్చేశాం.

చిట్టా 617

ఇంటికొచ్చి అతని కంచం తీసి గౌరమ్మకి ఇచ్చేశాను. పోపులపెట్టెలోంచి నా బిళ్ళ తీసి చూశాను. తాడు గట్టిగానే ఉంది. ఎక్కడా కుళ్ళలేదు.

జంట కట్టమని తెలిసిన రాతగాళ్ళందరి తలుపులూ తట్టాను. ఒకడు పిల్లల చదువు చూసుకోవాలన్నాడు. ఒకావిడ టీ ఇచ్చి, నీ తప్పు లేదని మాకు తెలుసమ్మా అంది, అంటూనే తన మణికట్టు కొంగు కింద దాచుకుంది. అమావాస్య రేపే.

పైడి మధ్యాహ్నం నుంచి మూట సర్దుతోంది. రెండు చీరలు, దువ్వెన, నాచు కోసే కొడవలి. ఒడ్డు మీద కొడవలి ఎందుకే అంటే, ఏమో, అలవాటుగా పెట్టాను అంది. ఆ కొడవలి చూశాక నాకు పరీక్షపిడి గుర్తొచ్చింది. పూచీ లేని ప్రోగ్రాంని ఒక మనిషి పైన పిడి పట్టుకుని నడిపించవచ్చు. కాసేపే పట్టుకోవాలని ఎక్కడా రూలు లేదు. గంప నిండేదాకా ఎవరూ పట్టుకోరు, అంతే. చెయ్యి నిలవదు. వదిలితే కింద గాలి ఆగిపోతుంది.

పైడికి చెప్పాను. మూట విప్పేసింది.

చిట్టా 618

తెల్లారాక పైడి దిగింది. మొప్ప కీచుమంటూనే ఉంది, స్క్రీన్ మీద ‘పూచీ: ఎవరూ లేరు’ అని ఎర్రగా. పిడి రెండు చేతులతో పట్టుకుని తెప్ప అంచున మోకాళ్ళ మీద కూర్చున్నాను. అడుగున అది ఊపిరి పీలుస్తుంటే తీగ సన్నగా అదురుతుంది. ఆ అదురే నాకు ఆధారం. చుట్టూ మనుషులు పోగయ్యారు. కొందరు దొంగని చూడ్డానికి, కొందరు గంప చూడ్డానికి.

మొదట్లో ఏమీ అనిపించలేదు. తర్వాత వేళ్ళు మొద్దుబారాయి. స్తంభం ఎక్కినప్పుడు కొట్టుకుపోయిన చోట అరచెయ్యి మళ్ళీ చిట్లి, పిడి జారడం మొదలైంది. తాడు ఒకసారి గుంజితే ‘బాగున్నాను’ అని, రెండుసార్లంటే ‘గంప నిండింది’ అని లెక్క. ఒక్కొక్కసారే వస్తోంది.

గౌరమ్మ వచ్చి పక్కన చతికిలబడింది. నా చేతులు చూసి, ఇలా తే, కాసేపు నాను పట్టుకుంతాను అంది. వద్దన్నాను. నీ సెయ్యి వదిలీసేలా ఉంది పిల్లా, తే అంది. తల అడ్డంగా ఊపాను. గౌరమ్మ నన్ను ఎత్తుకుని తిప్పిన మనిషి. కింద ఉన్న పైడిని కూడా. అన్నీ తెలుసు. అయినా ఆ పిడి ఇంకొకరి చేతిలో పెట్టడం నావల్ల కాలేదు. నా కళ్ళ ముందు ఆస్పత్రి మంచం, బిళ్ళ విప్పి నవ్వుతూ కడుతున్న చెయ్యీ కనబడుతున్నాయి. అదీ తెలిసిన చెయ్యే.

అప్పుడు కుడిచెయ్యి పట్టు తప్పింది. పిడి కొంచెం లేచింది. తీగ అదరడం ఆగింది. ఎంతసేపో కాదు, ఒక్క ఊపిరి అంత. గౌరమ్మ ఇంక నన్ను అడగలేదు. తన రెండు చేతులూ నా చేతుల మీద వేసి మొత్తం బరువుతో నొక్కేసింది. తీగ మళ్ళీ అదిరింది.

అలాగే ఉన్నాం. ఆమె మధ్యమధ్య, నాను పట్టుకున్నాను గదా, నువ్వు తియ్యి, కాసేపు వేళ్ళు దులుపుకో అంటూనే ఉంది. సరే అంటూనే ఉన్నాను. తియ్యలేదు.

తాడు రెండుసార్లు గుంజింది. జనం లాగారు. ముందు గంప వచ్చింది, నీళ్ళు కారుతూ, నాచు అంచులు దాటి వేలాడుతూ. దాని వెనకే పైడి. నెత్తురు లేదు. దగ్గు కూడా లేదు. తెప్ప మీద వెల్లకిలా పడుకుని, మొప్ప స్క్రీన్ వైపు ఒకసారి చూసి, మా వైపు చూసి నవ్వింది.

“ఎవురూ నేరంటాదేటి ఇది. ఇద్దరున్నారు గదా.”

కోత లెక్క చూసే మనిషి గంప కొలిచి, పైడి చోటు పైడికే అని అందరికీ వినపడేలా చెప్పాడు. ఈ అమావాస్యకి గట్టెక్కాం. వచ్చే నెల మళ్ళీ కూర్చోవాలి, ఆ పై నెలా కూర్చోవాలి. మేం కూర్చుంటాం, నువ్వొక్కదానివే ఎందుకు, వంతులేసుకుందాం అని గౌరమ్మ వరస ఆడవాళ్ళందరూ అన్నారు. చాలా సంతోషమేసింది. నిజంగానే వేసింది.

సాయంత్రం పైడి నా వేళ్ళకి కొబ్బరినూనె రాస్తూ అడిగింది. పైకి వచ్చేటప్పుడు నీళ్ళలోంచి చూశానప్పా, గౌరమ్మ అంత గట్టిగా పట్టుకునుంటే నువ్వెందుకు చేతులు తియ్యలేదు అని. గౌరమ్మ చెయ్యి మంచిదే. మా వరసలో అందరి చేతులూ మంచివే. నా చెయ్యి తీసెయ్యడమే ఇక నాకు చేతకాదు.